రాయి బాబాయి కూతురు

ఆర్ట్స్ యూనివర్సిటీలో ఆయన్ని అందరూ రాయి బాబాయి అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది, అంతే. పెయింటింగ్ విభాగంలో మోడల్‌గా కూర్చోవడం ఆయన ఉద్యోగం. ఇరవయ్యారేళ్లుగా అదే పని. పొద్దున తొమ్మిదిన్నరకు వచ్చి, తెర వెనక చొక్కా ప్యాంటూ విప్పి మేకుకు తగిలించి, ఒంటి మీద నిక్కరుతో చెక్క వేదిక ఎక్కి స్టూలు మీద కూర్చున్నాడంటే ముప్పావుగంట దాకా కదలడు. ముక్కు మీద ఈగ వాలినా కదలడు. ఒకసారి కిటికీ రెక్క ఊడి పక్కనే భళ్లున పడితే క్లాసు క్లాసంతా బయటికి పరిగెత్తింది. ఈయన మాత్రం పెదవులు కదపకుండా, "పోజు అయిపోయినట్టేనా?" అని అడిగాడట. రాయి అన్న పేరు ఆ రోజు పుట్టింది. బాబాయి అన్నది తర్వాత పిల్లలే ముద్దుగా తగిలించారు.

"కూర్చుని తినే ఉద్యోగమంటే మా బావదే" అని బావమరిది ఎక్కడ కనబడినా వేళాకోళం చేసేవాడు. రాయి బాబాయి నవ్వి ఊరుకునేవాడు. పది నిమిషాలకు మడమ మొద్దుబారుతుందనీ, ఇరవై నిమిషాలకు వీపులో ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టుంటుందనీ, ఆ తర్వాత ఒళ్లు తనది కాకుండా పోతుందనీ ఎవరికని చెబుతాడు?

ఆయనకు బొమ్మలు చూడటం నేర్పింది పెద్ద మాస్టారు. ఆ మాస్టారు రిటైరై, కాలం చేసి కూడా చాలా ఏళ్లయింది. పోజుకీ పోజుకీ మధ్య టీ తాగే పది నిమిషాల్లో ఈయన భుజం మీద చెయ్యి వేసి, పిల్లల బోర్డులు నిలబెట్టిన ఈజిళ్ల వెనక వరసగా తిప్పేవాడు. "ఇదిగో, ఈ పిల్లాడి బోర్డు మీద నువ్వు కూర్చున్నావు. ఆ పక్కదాంట్లో కూర్చోలేదు, నిన్ను స్టూలుకి అతికించారు. తేడా తెలుస్తోందా?" మొదట్లో తెలిసేది కాదు. అన్నీ తన బొమ్మలే, అన్నీ తనలాగే ఉండేవి. రెండేళ్లకో మూడేళ్లకో ఒక రోజు ఎవరిదో బోర్డు ముందు నిలబడ్డప్పుడు ఆయన చెయ్యి తనంతట తనే వెళ్లి సొంత మోకాలిని తడుముకుంది. కాగితం మీద ఉన్న మోకాలు అంత నిజంగా నొప్పి పెడుతోంది. పెద్ద మాస్టారు చూసి, "ఇక నీకు నేను అక్కర్లేదయ్యా" అన్నాడు.

అప్పటినుంచి అదే లెక్క. నచ్చిన బొమ్మ దగ్గర ఆయన ఒక్క మాటా అనేవాడు కాదు. భుజమో, మెడో, పాదమో, ఏది బాగా కుదిరితే దాన్ని తడుముకునేవాడు. పిల్లలు దీన్ని కనిపెట్టారు. మార్కులకన్నా దీనికే ఎక్కువ ఎదురుచూసేవాళ్లు. "నిన్న బాబాయి నా బోర్డు ముందు వీపు గోక్కున్నాడు తెలుసా" అని ఒకడంటే, "దోమ కుట్టి ఉంటుందిరా" అని ఇంకొకడు.

ఆయనకు ఒక్కతే కూతురు. గువ్వ అని పిలుచుకునేవాడు. స్టూడియోలో పారేసిన కాగితాలు తెచ్చి ఇస్తే, ఖాళీగా ఉన్న వెనక పక్క గీస్తూ పెరిగిందా పిల్ల. పిల్లి, కుర్చీ, అమ్మ మిషను, అమ్మ ముక్కు. తల్లి దర్జీ దుకాణంలో కాజాలు కుడుతుంది. కళ్లు చికిలించి కూతురి బొమ్మల్ని చూసి, "బాగానే ఉంది, నా ముక్కే కాస్త పొడుగైంది" అనేది. రాయి బాబాయి ఆ బొమ్మల్ని గోడల నిండా అంటించాడు. ఆ రోజుల్లో ఆయన వాటిని స్టూడియో కళ్లతో చూడలేదు. కన్నకూతురి బొమ్మల్ని అలా ఎవరు చూస్తారు?

గువ్వకు యూనివర్సిటీలో సీటొచ్చింది. జాబితాలో చిట్టచివరి సీటు. ఎవరో చేరకపోతే దక్కింది. ఆ రోజు రాయి బాబాయి స్టూడియోలో అందరికీ టీ పోయించాడు, పోజు మధ్యలో నవ్వాడు కూడా. ఇన్నేళ్లలో అదే మొదటిసారి అని డ్రాయింగ్ మేడమ్ ఎగతాళి చేసింది. తల్లికి మాత్రం భయం. "ఈ చదువు చదివాక ఏమవుతారండీ?" అని అడిగింది. "ఆర్టిస్టవుతారే" అన్నాడు. "అయితే?" అందామె. ఆయన జవాబు తెలిసినట్టు తలూపాడు.

మొదటి ఏడంతా సీసాలూ కూరగాయలూ ప్లాస్టర్ తలలూ గీయడంతో గడిచింది. రెండో ఏడు మనుషుల్ని గీసే క్లాసు మొదలవుతుంది. దానికి వారం ముందు డ్రాయింగ్ మేడమ్ ఆయన్ని గదిలోకి పిలిచింది.

"మీ అమ్మాయి ఈ క్లాసులో ఉంటుంది. నీకు ఇబ్బందేమో."

"నాకేముందండీ మేడమ్. దానికే..."

"వేరే మోడల్ కోసం అడిగాను. దొరకలేదు. పోనీ కొన్నాళ్లు సెలవు పెట్టు, ఏదోటి చేద్దాం."

ఆయన సెలవు పెట్టాడు. ఇంట్లో తొలిసారి పగటిపూట కూర్చోవలసి వస్తే ఎలా కూర్చోవాలో తెలియలేదు. నాలుగో రోజు గువ్వ సంచీ విసిరికొట్టి వచ్చి ఎదురుగా నిలబడింది.

"నా మూలంగా క్లాసంతా మళ్లీ ప్లాస్టర్ ముక్కులే గీస్తోంది నాన్నా. అందరూ నన్ను చూసి గొణుక్కుంటున్నారు. నువ్వు రా."

"సిగ్గుగా ఉండదా తల్లీ?"

"చిన్నప్పటినుంచీ బనీను కూడా లేకుండా తిరుగుతూనే ఉన్నావుగా ఇంట్లో. కొత్తగా సిగ్గేంటి? అందరికన్నా నిన్ను నేనే బాగా గీయగలను. నిన్ను నాకన్నా ఎక్కువ చూసిందెవరు?"

ఆ మాటకు ఆయన గుండె ఉప్పొంగింది. మర్నాడే వెళ్లాడు.

వేదిక మీద ఆయన పాదాల చుట్టూ మేడమ్ సుద్దముక్కతో గుర్తులు గీసింది, విరామం తర్వాత మళ్లీ అదే చోట పెట్టడానికి. ఎదురుగోడ మీద మేకును చూస్తూ కూర్చున్నాడు. కూతురు ఎడమ పక్క మూడో ఈజిల్ దగ్గర ఉంది. కళ్లు తిప్పకూడదు గనుక చెవులతో వెతికాడు. బొమ్మ గీసే బొగ్గుముక్క కాగితం మీద నడిచే చప్పుడు ఆయనకు బాగా తెలుసు. చెయ్యి తిరిగినవాళ్లు ఎక్కువసేపు చూస్తారు, తక్కువ గీస్తారు. వాళ్ల బొగ్గు ఆగి ఆగి నడుస్తుంది. ఎడమ పక్క మూడోది ఆగడం లేదు. గరగరా, గరగరా, పరీక్షలో టైమైపోతున్నవాళ్లు రాసినట్టు. 'ఆగమ్మా, ఒక్కసారి ఆగి నావైపు చూడు' అని ఆయన లోపల్లోపలే అనుకుంటూ కూర్చున్నాడు.

విరామంలో తువ్వాలు కప్పుకుని ఎప్పటిలాగే ఈజిళ్ల వెనక నడిచాడు. మూడోదాని ముందు ఆగాడు.

తప్పేమీ లేదు. తల ఎంతుందో అంతే, చెయ్యి ఎక్కడుండాలో అక్కడే. కొలతలన్నీ సరిపోయాయి. అయినా బోర్డు మీద ఆయన కూర్చోలేదు. ఆ స్టూలు మీద ఏ బరువూ లేదు. ఇలాంటి బొమ్మలు ఇరవయ్యారేళ్లలో కొన్ని వందలు చూశాడు. వాటిని గీసినవాళ్లు ఏమయ్యారో కూడా తెలుసు. ఒక్క బొమ్మే కదా, మొదటి రోజే కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. కాని ఆ చెయ్యి ఎంతవరకు పోగలదో ఆయనకు అప్పటికే అర్థమైపోయింది.

"బాగుందమ్మా" అన్నాడు.

సాయంత్రం ఇద్దరూ కలిసి ఇంటికి నడుస్తున్నారు. వంతెన దాటాక గువ్వ అడిగింది.

"నాది చూసి ఎక్కడా తడుముకోలేదేం?"

"అలిసిపోయానే తల్లీ. చెయ్యి లేవలేదు."

"ఆ కిటికీ దగ్గర అమ్మాయి బోర్డు ముందు మెడ తడుముకున్నావు. అప్పుడు లేచిందిగా."

ఆయన వెనక్కి తిరిగి వంతెన వైపు చూశాడు. ఆ పిల్లే నవ్వేసింది. "సరేలే. తడుముకునేలా చేస్తాను చూడు."

అక్కడినుంచి మొదలైంది. సాయంత్రం ఇంటికి రాగానే వంటగది పక్కన కుర్చీ వేసి, "కూర్చో నాన్నా" అనేది. పగలంతా కూర్చున్న మనిషి మళ్లీ కూర్చునేవాడు. పక్కనుంచి, వెనకనుంచి, కిందనుంచి గీసింది. చేతులు మాత్రమే ఒక నెల, పాదాలు మాత్రమే ఒక నెల. క్లాసులో ఎవరూ ఆమె అంత కష్టపడలేదు, మేడమే ఆ మాట అంది. వేళ్ల సందుల్లో బొగ్గు సబ్బుకు కూడా పోయేది కాదు. తల్లి విసుక్కునేది. "అక్కడా రాయే, ఇక్కడా రాయే. నేను మాట్లాడేది ఎవరితోనమ్మా, గోడతోనా?"

మూడేళ్లు కావొచ్చింది. ఆయన కుడి మోకాలు అరిగింది, మెట్లెక్కుతుంటే చప్పుడయ్యేది. కూతురి గీతల్లో శుభ్రత పెరిగింది, నీడలు నునుపుదేలాయి. స్టూలు మీద బరువు మాత్రం రాలేదు. ఒకటి రెండుసార్లు ఆయన కావాలని భుజం తడుముకున్నాడు. ఆ పిల్ల ఆయన ముఖంలోకి చూసి, "వద్దు నాన్నా" అంది మెల్లగా. ఆ తర్వాత ఆయన ఆ సాహసం చేయలేదు.

నాలుగో ఏడు చివర ప్రదర్శన ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక్కో గోడ. బయటినుంచి వచ్చిన ముగ్గురు చూసి మార్కులేస్తారు. గువ్వ ఇరవై నాలుగు పెద్ద బొమ్మలు తయారుచేసుకుంది, అన్నీ తండ్రివే. మూడు వారాల ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం, తల్లి దుకాణానికి వెళ్లిన సమయంలో, వాటిని ముందుగది నేల మీద పరిచింది. మంచం కిందికీ తలుపు అవతలికీ పాకాయి. ఆయన కాళ్లు పెట్టడానికి చోటు లేక గుమ్మంలో నిలబడ్డాడు.

"నాన్నా, ఒకటి అడుగుతాను. నిజం చెప్పు."

"ఏంటమ్మా?"

"నాకు వస్తుందా?"

"ఏం వస్తుందా?"

"తెలియనట్టు మాట్లాడకు. మేడమ్‌ని అడిగితే కష్టపడుతున్నావు అంటుంది. ఫ్రెండ్స్‌ని అడిగితే సూపర్ అంటారు. నువ్వొక్కడివే చెప్పగలవు. ఇంకో పదేళ్లు గీస్తే వస్తుందా? వస్తుందంటే పదేళ్లూ గీస్తాను. నాకేం బాధ లేదు. చెప్పు."

ఆయన ఇరవై నాలుగు బొమ్మల్నీ చూశాడు. ఇరవై నలుగురు తనలాంటివాళ్లు గాల్లో వేలాడుతున్నారు. పదేళ్లు అన్న మాట ఆయన్ని భయపెట్టింది. ముప్పై దాటిన గువ్వ, అదే కుర్చీ, అదే గరగర కళ్లముందు కదిలాయి. అబద్ధం చెబితే ఆ పదేళ్లూ తన చేత్తో లాక్కున్నట్టే అనిపించింది.

"రాదమ్మా" అన్నాడు.

ఆమె తలూపింది. ఏడవలేదు. "ఎప్పుడు తెలిసింది?" అని అడిగింది.

"మొదటి రోజు."

"మూడేళ్లు కూర్చున్నావుగా మరి ప్రతి సాయంత్రం."

"నువ్వు అడిగావు కదమ్మా కూర్చోమని."

గువ్వ వంగి ఒక్కొక్క బొమ్మా తీసి, చివరలు నలగకుండా, మధ్యలో పల్చటి కాగితం పెట్టి చుట్టింది. తర్వాత టీ పెట్టి ఆయనకో గ్లాసు ఇచ్చింది. ఆ మూడు వారాలూ రోజూ పొద్దున్నే యూనివర్సిటీకి వెళ్లి సాయంత్రం వచ్చింది. బాగానే తిన్నది. తల్లితో సరదాగా మాట్లాడింది. తట్టుకుందనుకుని ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

ప్రదర్శన రోజు భార్యాభర్తలిద్దరూ ఇస్త్రీ బట్టలు కట్టుకుని వెళ్లారు. ఆమె దుకాణానికి సెలవు పెట్టింది. మీరు వెళ్తూ ఉండండి, వెనకే వస్తానంది గువ్వ. హాలంతా జనం, పువ్వులు, ఫోటోలు. పిల్లలు "బాబాయ్, నా గోడ చూడు" అంటూ చేయి పట్టుకుని లాగుతున్నారు. తన వీపులూ మోకాళ్లూ గోడల నిండా ఉన్నాయి. వాటి మధ్యనుంచి వరస చూసుకుంటూ నడిచారు. చివర కిటికీ పక్క గోడకు కూతురి పేరున్న అట్ట ఉంది. కొత్తగా కొట్టిన మేకులు రెండు వరసల్లో ఉన్నాయి. బొమ్మల్లేవు.

"ఇంకా తగిలించలేదా అండీ?" అంది భార్య. "లేటుగా తెస్తుందేమో."

ఆయన మేకులు లెక్కపెట్టాడు. ఇరవై నాలుగు. గోడకు చెయ్యి ఆనించాడు.

అంతలో డ్రాయింగ్ మేడమ్ వచ్చింది. ఆయన భార్యను కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన్ని వరండాలోకి తీసుకెళ్లింది. ఆమె ముఖం ఎర్రగా ఉంది.

"శిల్పం వాళ్ల దగ్గర కాగితం గుజ్జు తొట్టి ఉంది చూశావా? నిన్న సాయంత్రం మీ అమ్మాయి బొమ్మలన్నీ చింపి అందులో వేసేసింది. మేకులు మాత్రం ఆమే కొట్టుకుంది, మొన్న. ఎందుకో ఆ దేవుడికే తెలియాలి. ఏమన్నావయ్యా పిల్లని?"

ఆయన చెప్పాడు.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"అడిగిందండీ. నిజం చెప్పమంది."

"పాసయ్యేది. మంచి మార్కులే వచ్చేవి. ఏదో బడిలో డ్రాయింగ్ టీచరయ్యేది. పిల్లలకి యాపిల్ పండు గీయడం నేర్పేది. సాయంత్రాలు తనకి నచ్చింది గీసుకునేది. గొప్పగా వస్తేనే గీయాలని ఎవరన్నారు?" మేడమ్ గొంతు తగ్గించి అడిగింది. "నాకు వచ్చా?"

ఆయన తల దించుకున్నాడు.

"నేనూ క్లాసులో పిల్లలతోపాటు గీస్తాను. పంతొమ్మిదేళ్లుగా నా బోర్డు చూస్తున్నావు. ఒక్కసారైనా నీ చెయ్యి లేచిందా? చెప్పు."

ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"నాకు తెలుసులే. ఎప్పుడో తెలుసు. అయినా రోజూ పొద్దున ఇష్టంగానే వస్తాను ఇక్కడికి. నా బతుకు నేను బతకలేదా? ఆ పిల్లని మాత్రం బతకనివ్వలేదు నువ్వు."

అని లోపలికి వెళ్లిపోయింది. ఆయన వరండాలో చాలాసేపు నిలబడ్డాడు. ఇన్నేళ్లలో మంచి బొమ్మా చెడ్డ బొమ్మా తప్ప, గీయడంలో ఇంకో సుఖం ఉంటుందని ఆయనకు ఒక్కనాడూ తట్టలేదు. ఆయన ఎప్పుడూ స్టూలు మీదే ఉన్నాడు, బొగ్గు పట్టుకోలేదు.

ఇంటికి వెళ్లి కూతురి ముందు కూలబడ్డాడు. "నాకేం తెలుసమ్మా, చదువూ సంధ్యా లేనివాణ్ని. గీత గీయడం రానివాణ్ని. నా మాట పట్టుకుని ఇంత పని చేస్తావా? నేను చెప్పింది తప్పు తల్లీ."

గువ్వ ఆయన మోకాలు మీద చెయ్యి వేసింది. "నీ మీద కోపంతో చేయలేదు నాన్నా. గోడకు పెట్టాలనే వెళ్లాను. మేకులు కూడా కొట్టాను. చుట్టలు విప్పాక ఇక నాకూ నీకు కనిపించినట్టే కనిపించింది. ఒకసారి కనబడ్డాక ఎలా పెట్టను?"

అరిచినా బాగుండేది, తిట్టినా బాగుండేది. అంత నెమ్మదిగా చెబితే ఆయనకు పట్టుకోవడానికేమీ మిగల్లేదు.

ఏడాదిలోగా కొత్త బొమ్మలు పెడితే డిగ్రీ ఇస్తామని యూనివర్సిటీ ఒక ఫారం పంపింది. ఆయన కాగితాల కట్టా బొగ్గు డబ్బా కొని ఆమె గదిలో పెట్టాడు. చుట్టిన కవరు చుట్టినట్టే ఉంది. గువ్వ కొరియర్ ఆఫీసులో చేరింది. పార్సిళ్లను ఊళ్లవారీగా సర్దే పని. చురుగ్గా చేస్తుందని పేరు తెచ్చుకుంది. గోడల మీది పిల్లినీ కుర్చీనీ అమ్మ ముక్కునూ ఒక సెలవురోజు తనే తీసేసి, గోడకు సున్నం వేయించింది. తల్లి వద్దని ఎంత బతిమాలినా వినలేదు.

స్టూడియోకు కొత్త బ్యాచ్ వచ్చింది. రాయి బాబాయి కూర్చుంటూనే ఉన్నాడు. విరామంలో పిల్లలు పిలిస్తే వెళ్లి, ప్రతి బోర్డు ముందూ భుజం తడుముకుని, "చాలా బాగుంది" అనడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు అందరికీ అదే మాటని తెలిసిపోయింది. "బాబాయి మెత్తబడిపోయాడురా" అని నవ్వుకుని పిలవడం మానేశారు. ఒకనాడు కిటికీ దగ్గర ఒకడు నిజంగానే అద్భుతంగా గీశాడు. మెడ నరం కొట్టుకుంటున్నట్టే ఉంది. దాని ముందు ఆయన నిలబడలేకపోయాడు. తెర వెనక్కి వెళ్లి బట్టలు వేసుకుని, ఆ రోజు మిగతా పోజులు ఇవ్వకుండానే వచ్చేశాడు.

ఫారం గడువు ఒక శుక్రవారంతో ముగుస్తుంది. ఆ వారమంతా ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. శుక్రవారం పొద్దున కూతురు పనికి వెళ్లాక, ఆయన ఫారం తీసి తన చేతనైనంత రాతతో పేరూ నంబరూ నింపాడు. పట్టుకెళ్లి యూనివర్సిటీ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడ్డాడు. గుమస్తా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సంతకమేది? బొమ్మలేవి బాబాయ్?"

"ముందు ఫారం తీసుకోండి సార్. బొమ్మలు తర్వాత..."

"బొమ్మల్లేకుండా దీన్నేం చేసుకోను? ఇంకా టైముంది. అయిదు దాకా ఉంటాను, తెమ్మను."

ఆయన వరండా బల్ల మీద అయిదు దాకా కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో ఆయనకే తెలియదు. అయిదయ్యాక గుమస్తా కిటికీ మూస్తూ ఆయన్ని చూసి తలుపు వేసుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి గువ్వ మెట్ల మీద కూర్చుని చెప్పులు విప్పుతోంది. ఆయన జేబులోంచి బయటికి కనబడుతున్న ఫారాన్ని చూసింది. పక్కకు జరిగి చోటిచ్చింది. ఆయన గోడ పట్టుకుని కూర్చున్నాడు.

"రేపు నాకు సెలవు నాన్నా" అంది. "అమ్మకి సూదిలో దారం ఎక్కించడం కష్టమవుతోందట. కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం. పొద్దున్నే వెళ్తే జనం ఉండరు."

"సరేనమ్మా" అన్నాడు.

లోపలినుంచి మిషను చప్పుడు వినబడుతోంది. ఇద్దరూ చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నారు.